తులసమ్మ లొంగిపోనాది

“నంబరు లేదా? అయితే మందు లేదు.”

పశువుల ఇన్‌స్పెక్టరు పూర్ణచంద్ర ఫోన్లోంచి తల ఎత్తలేదు.

“దూడ అడ్డం తిరిగిపోనాది బాబూ. ఆవు లేవలేకపోతంది. ఒక్కసారి వొచ్చి సూడండి.” రామతులసి తన ఊరు అంకులి నుంచి పరుగున వచ్చింది. ఇంకా రొప్పుతూనే ఉంది.

“ఆవు చెవికి నంబరు బిళ్ళ ఏస్తామని నాలుగుసార్లొస్తే గుమ్మంలోంచే పంపించేసేవు. ఇప్పుడు నంబరు లేకపోతే ఈ ఫోను కేసే తీసుకోదు. నన్నేటి సెయ్యమంటావు?”

పంపించేసిన మాట నిజమే. పక్కింటి తాతారావు ఆవు చెవికి పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ళ గుచ్చితే పురుగు పట్టి సగం చెవి ఊడిపోయింది. “నా గౌరి పిలిస్తే వొస్తాది. దానికి నంబరెందుకు?” అనేది రామతులసి. ఆమెకి ఉన్నది ఆ ఒక్క ఆవే.

ఇంటికి తిరిగొచ్చేసరికి గౌరి చచ్చిపోయింది, కడుపులో దూడతో సహా.

రామతులసి ఏడవలేదు. మర్నాటి నుంచి గడప గడపా తిరిగింది. “బిళ్ళలోళ్ళని గుమ్మం ఎక్కనివ్వకండి,” అంది. నెలరోజులు ఎవరూ ఎక్కనివ్వలేదు. ఆ తరవాత, బిళ్ళ లేని ఆవు పాలు కేంద్రంలో పోయించుకోరని పూర్ణచంద్ర కబురు పంపాడు. ఒక్కొక్కరే తలుపులు తీశారు.

చలికాలంలో రామతులసి పాకలో ఇంకో ఆవు కనిపించింది. డొక్కలు ఎండిన ఆవు. చెవికి పసుపు బిళ్ళ.

“తులసమ్మ లొంగిపోనాది,” అని వీధంతా నవ్వింది.

ఆమె ఆవుకి గంజీ తవుడూ పెట్టింది. పుళ్ళకి పసుపు రాసింది. రోజూ కడిగింది. మూడు నెలల్లో ఆవు నిండుగా తయారైంది.

“పాలివ్వని ఆవుకి ఇంత సాకిరేటి వొదినా?” అన్నాడు తాతారావు.

“దీంతో నాకు పనుంది.”

కబురు పూర్ణచంద్రకి చేరింది. తన పరిధిలో బిళ్ళలన్నీ వేయించినందుకు అతనికి సన్మానం చేస్తున్నారు. ఎదురుతిరిగిన మనిషే ఆవుని తోలుకొస్తే అంతకన్నా ఏం కావాలి? తనే వచ్చి పిలిచాడు. బిళ్ళ వంక చూసి తృప్తిగా తల ఊపాడు. ఆవు అతని చెయ్యి నాకింది. జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

సభకి జిల్లా నుంచి పెద్ద సారు వచ్చారు. పూర్ణచంద్ర మైకు పట్టుకున్నాడు. “ఈ బిళ్ళ పుణ్యమా అని ఏ ఆవు ఎవరిదో నిమిషంలో తెలిసిపోతుంది. పాలు ఇంకిపోయాయని రోడ్డు మీద వదిలేసేవాళ్ళు ఇక తప్పించుకోలేరు. కేసులు పెడతాం!”

చప్పట్లు మోగాయి. రామతులసి ఆవుని వేదిక ముందుకి నడిపించింది.

“రావమ్మా తులసమ్మా! సస్మితా, నంబరు కొట్టి యజమాని పేరు గట్టిగా చదువు. అందరూ వినాలి.”

కంప్యూటరు ముందున్న సస్మిత పన్నెండు అంకెలూ కొట్టింది. తెర చూసింది. తెరని పెద్ద సారు వైపు తిప్పింది. పెద్ద సారు వంగి తను కూడా చూశారు. మెల్లగా పూర్ణచంద్ర వైపు తిరిగారు.

రామతులసి మైకు అందుకుంది.

“సదవమనండి బాబూ, పాలు మానేసినాదని హైవే మీద ఒగ్గేసి ఎల్లిపోతంటే సూసేను కదా, ఇది మీ ఆవే.”