చదివే గవర్నరు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సన్నని జల్లు; గాలి లేదు.

బడి వరండాలో ఓటర్ల వరుస మెట్ల దాకా సాగింది. రాష్ట్ర గవర్నరును ఇకమీదట కూడా పైవాళ్లే నియమించాలా, ప్రజలే ఎన్నుకోవాలా అన్నది ఆ రోజు తేలవలసిన ప్రశ్న.

గవర్నరు కార్యాలయపు గుమాస్తా వరుస మధ్యలో ఉన్నాడు. మూడేళ్లుగా అతనికి తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తోంది. ఆఫీసులో తన బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీగా కనబడితే భరించలేడు. దాని మీద ఫైళ్లు పేర్చి ఉంచుతాడు.

ఆ కుర్చీలో కూర్చుని భర్త కోసం క్షమాభిక్ష దరఖాస్తు రాసిన దర్జీ ఆవిడ ఇప్పుడు సరిగ్గా అతని వెనకే నిలబడింది. దరఖాస్తును గవర్నరు తిరస్కరించారు. ఉరి తీసింది నాలుగున్నరకు. అదే కేసులో, విడిగా జరిగిన విచారణలో, ఆమె మరిదికీ ఉరిశిక్షే పడింది. అతని దరఖాస్తు ఇంకా గవర్నరు ముందుకు వెళ్లలేదు.

“ఎన్నికలంటే మళ్లీ పోస్టర్లే,” అన్నాడు ముందున్న సెలూన్ యజమాని, వెనక్కి తిరిగి. “మా షాపు గోడ రంగేంటో నేనే మర్చిపోయాను.”

“అంటించనీ అన్నా,” అంది దర్జీ ఆవిడ. “ఓటడిగి గెలిచినాయనైతే మన కాగితం చదువుతాడు. పైనుంచి ఊడిపడ్డాయనకి మనమెవరం?”

“ఓట్లు కావాల్సినవాడు ఉరి ఆపుతాడా అమ్మా? జనం ఏమంటారోనని వణికి చస్తాడు. నియమించినాయనకి ఆ బెంగ లేదు.”

“బెంగ లేనాయన ఏం చేశాడో చూశాం కదా.”

సెలూన్ యజమాని ముందుకు తిరిగిపోయాడు.

ఆమె గొంతు తగ్గించింది. “అన్నయ్యగారూ, నిజం చెప్పండి. మా ఆయన దరఖాస్తు ఆ పెద్దమనిషి అసలు చదివారా?”

గుమాస్తా గొడుగు మడతలు సర్దుకున్నాడు. “ఇటువంటివాటికి ముందు ఎలా జరిగిందో అలాగే జరుగుతూ వచ్చిందమ్మా. నా చేతిలో…”

“మీ చేతిలో ఏముంది పాపం. ఫైలు మోసే మనిషి.”

లోపల, అట్టల మరుగున, అతను ఎన్నిక వైపే ముద్ర వేశాడు. చదివే మనిషి ఒకడు వస్తే తనకు మళ్లీ నిద్ర పడుతుందని అతని ఆశ.

ఎన్నిక పక్షమే నెగ్గింది. ప్రజలు గెలిపించిన తొలి గవర్నరు ఒకప్పటి బడిపంతులు.

మూడేళ్ల తర్వాత మరిదికి ఉరిశిక్ష తప్పింది. తన ఓటే అతణ్ణి బతికించిందని దర్జీ ఆవిడ చివరిదాకా చెప్పుకుంది.

అయితే, మరిది దరఖాస్తు మీద ఎన్నికైన గవర్నరు కూడా, ఆమె భర్త దరఖాస్తు విషయంలో నియమితుడైన గవర్నరు చేసినట్టే, ఒక్క పేజీ తిప్పకుండా, ‘అంగీకరించడమైనది’, ‘తిరస్కరించడమైనది’ అన్న రెండు గడులలో గుమాస్తా పెన్సిలుతో చుక్క పెట్టిన గడిలో సంతకం చేశారు.