వీలున్నప్పుడు వచ్చే చేతులు

ఆ రోజుల్లో మనిషి పోయినా పనితనం పోయేది కాదు, చేతితొడుగుల్లో ఉండిపోయేది. కడియపులంకలో నర్సరీ నడిపే నూకరత్నం, పోయిన మొగుడు వెంకన్న తొడుగులు వేసుకుని పనిచేయడానికి ప్రశాంతిని పెట్టుకుంది.

"పూటపనే కదా, నీకు వీలున్నప్పుడే రావే."

ఆ పిల్ల అచ్చం వెంకన్నలా గులాబీలకు అంట్లు కట్టేది. ఎండుకొమ్మ సైతం ఆ చేతులు చూసి మొగ్గేసేదంటే నమ్మండి!

ఓనాడు ప్రశాంతి ఏడుస్తూ వచ్చింది. "తొడుగులు తీసేసినా నా చేతులు నా మాట వినట్లేదు పిన్నిగారూ. ఇంక నేను రాను."

అంటూండగానే ఆ వట్టిచేతులు తమలపాకుకు సున్నం రాసి, వెంకన్న మడిచినట్టే మడిచి, నూకరత్నం నోటికి అందించాయి.

ఆవిడ కళ్లు మూసుకుని నమిలింది. లేచి గేటుకు తాళం వేసింది.

"ఇకనుంచి రోజంతా ఉండిపోండి," అంది, ఆ చేతులతో.