రోజుకో చెంచా

కోడలు విసిరిన పెరుగు గిన్నె అత్తగారి నుదుటికి తగిలి కింద పడింది. ఆవిడ ముఖం మీద పెరుగూ నెత్తురూ కలిసి కారాయి.

"పాలు పడని పిల్లాడికి పెరుగు పెడతారా? నిన్నటి నుంచి మెలికలు తిరిగిపోతూ గుక్కపట్టి ఏడుస్తున్నాడు! చంపేద్దామనా?" అంటూ ఆవిడ జుట్టు పట్టుకుని గుంజింది.

"వదలవే! రోజుకో చెంచా పెరుగుతో అలవాటు చెయ్యమని డాక్టరమ్మ మన ముగ్గురి ముందే చెప్పింది కదా! నువ్వు హడలిపోతావని చాటుగా పెడుతున్నాను. ఒక్క చెంచాకే అంత నొప్పి ఎందుకొస్తుంది?"

కోడలి పట్టు సడలింది. "మీరు గొడవ చేస్తారని... నేనూ చాటుగానే పెడుతున్నాను, అత్తయ్యా."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు తల్లి నెత్తురు చూశాడు. మాటా మంతీ లేకుండా పెళ్లాం గొంతు పట్టుకుని గోడకు అదిమి, చెయ్యెత్తాడు.

తల్లి ఆ చేతిని ఒడిసిపట్టుకుంది.

"ఆగరా. నువ్వు పిల్లాడికి చాటుగా పెరుగు ఎప్పుడు పెడుతున్నావో ముందది చెప్పు."

గొంతు మీది చెయ్యి జారిపోయింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.