మూల మీది అంగడి

ముక్కుకు తువ్వాలు కట్టుకోనిదే లక్ష్మీనారాయణ తన అంగడి వెనక్కి తొంగి చూడడు. ఆ రోజు కట్టుకుని మరీ చూశాడు. చూసి కాండ్రించి ఉమ్మాడు.

"థూ! మనుషులేనా వీళ్ళు?"

ఎమ్మిగనూరులో భీమప్ప సొంత స్థలంలో కట్టించిన కూరగాయల మార్కెట్ అది. దాని వెనక గోడకూ, జిన్నింగు మిల్లు ప్రహరీకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. కంపంతా అక్కడిదే. పెద్దకడుబూరు వైపు పల్లెల నుంచి తెల్లవారే ఆటోల్లో వచ్చి, సాయంత్రం దాకా గంపల ముందు కూర్చునే ఆడవాళ్ళు, ఇక ఆగలేనప్పుడు ఒకరికొకరు కొంగు అడ్డం పెట్టుకుని పోయేది ఆ సందులోకే. బురద, ఈగలు, కళ్ళు మండించే వాసన. చెప్పాలంటేనే రోత.

లక్ష్మీనారాయణది పూజాసామగ్రి అంగడి. మార్కెట్ తెరిచిన రోజు నుంచీ ఆ మూల ఆయనదే. గేటులోంచి వచ్చిన ప్రతి మనిషీ అక్కడ మలుపు తిరగాల్సిందే కాబట్టి బేరాలకు లోటు లేదు. శుభ్రమంటే ఆయనకు ప్రాణం. రోజూ బకెట్లతో నీళ్ళు కొట్టి గచ్చు కడుగుతాడు. మూలనున్న తూములోంచి నీళ్ళు చిటికెలో బయటికి పోతాయి. ఆ తర్వాత సాంబ్రాణి వేస్తాడు. అలాంటి మనిషికి వెనక ఆ సందు! పగవాడికి కూడా రాకూడని కష్టం.

ఆ మలుపులోనే, ఆయన మెట్ల కింద, సుంకమ్మ ఆకుకూరల గంప ఉంటుంది. పక్కన హెప్సిబా పచ్చిమిరపకాయలు. ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు.

లక్ష్మీనారాయణ పదిమంది అంగళ్ళవాళ్ళతో సంతకాలు చేయించి భీమప్ప దగ్గరికి పోయాడు.

"ఈ ఆడోళ్ళను అవతలున్న ఖాళీ బయలుకు పంపప్పా. లేదంటే నేను ఖాళీ సేస్తా."

మంచి బాడుగ ఇచ్చేవాణ్ణి ఎవరు వదులుకుంటారు? సోమవారం నుంచి గంపలన్నీ బయలులోనే అన్నాడు భీమప్ప.

సుంకమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది.

"అన్నా, ఆ బయలుకు ఎవురొస్తారు? మనుషులు నడిసే తావులోనే గదా ఆకు అమ్ముడుపోయేది? ఆడ పెడితే మద్దేనానికి వాడిపోతాది. గొడ్లకు ఎయ్యల్ల."

"ఆ బుద్ధి గలీజు సేసేటప్పుడు ఉండల్ల."

"యాడికి పోవల్లన్నా మేము? బస్టాండుకు పోయొచ్చేలోపల గంప ఎవురు సూస్తారు? నీళ్ళు తాగేదే మానేసినాం. అయినా ఆగదే!"

"ఛీ! సాంబ్రాణి ఏసే తావులో ఏం మాటలివి? ఆడపుట్టుక పుట్టినాక సిగ్గుండల్ల."

సుంకమ్మ తల వంచుకుంది.

సోమవారం గంపలు బయలుకు చేరాయి. మధ్యాహ్నమైనా సుంకమ్మకు బోణీ కాలేదు. ఆకు తల వాల్చేసింది. ఇంకొక్కసారి కాళ్ళావేళ్ళా పడదామని గంప నెత్తిన పెట్టుకుని మూలకు వచ్చింది.

అక్కడ లక్ష్మీనారాయణ మంచి హుషారులో ఉన్నాడు. గుమ్మం పైన పెద్ద కొత్త బోర్డు పెట్టిస్తున్నాడు. పెయింటర్ మాదన్న నిచ్చెన మీదున్నాడు.

"ఈ పాత రేకు తీసేద్దామాన్నా? అంతా తుప్పు పట్టింది."

"వద్దు వద్దు! దాన్ని ముట్టుకోవద్దు. దాని మీదనే కొట్టు!" లక్ష్మీనారాయణ కంగారుగా అరిచాడు.

మాదన్న మేకు పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. పాత రేకు ఊడి, పెద్ద చప్పుడుతో సుంకమ్మ కాళ్ళ ముందు పడింది.

ఆమె తలెత్తింది.

గోడ మీద, మార్కెట్ కట్టిన రోజుల నాటి నీలం రంగులో, కొప్పూ బొట్టూ ఉన్న ఆడమనిషి బొమ్మా, దాని కింద పెద్ద అక్షరాలూ ఉన్నాయి: 'స్త్రీల మరుగుదొడ్డి'.