ఎత్తుకు సరిపోయే క్యాసెట్

"క్యాసెట్ కావాల," అన్నాడు మాలకొండయ్య, ఉదయగిరి బస్సు దిగి నేరుగా కొట్లోకి వచ్చి.

తెల్ల పంచె, భుజాన తుండు, యాభై ఎనిమిదేళ్ల వయసు, ఆ వయసుకు తగ్గ పొట్ట. ఆత్మకూరులో గేరు సైకిళ్ల కొట్టు పెట్టిన పెంచలప్రసాద్ ఇలాంటి సైక్లిస్టు కోసమే ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నట్టు లేచి నిలబడ్డాడు.

క్యాసెట్ అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల దొంతర. కొట్లో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. కొట్టు తెరిచిన రోజు కూడా పద్నాలుగే ఉన్నాయి.

మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తల్లి రాఘవమ్మ ఆ పొద్దున్నే గడువు పెట్టింది. సాయంత్రంలోపు ఆ క్యాసెట్ డబ్బాల్లో ఒక్కటైనా అమ్ముడుపోవాలి. లేకపోతే కొట్టుకు తాళం. సోమవారం నుంచి ప్రసాద్ వింజమూరులో మేనమామ పురుగుమందుల కొట్లో కూర్చోవాలి. అక్కడ గిరాకీకి కొదవ లేదు. సైక్లిస్టుల్లా కాదు, పురుగులు ఏటా వస్తాయి.

"సైకిల్ మీదేనా సార్?"

"నాదిగాక ఇంకెవురిది? రోజూ ఉదయగిరి కొండ దాకా తొక్కతా."

ప్రసాద్ ఆ పొట్ట వైపు చూడకుండా నిగ్రహించుకున్నాడు. రాఘవమ్మ తీరిగ్గా చూసింది.

"వెనక ఎన్ని గేర్లు సార్?"

మాలకొండయ్య జేబులోంచి చీటీ తీసి చూసుకున్నాడు. రోజూ తొక్కేవాళ్లకు ఇలాంటి చిన్న విషయాలు గుర్తుండవు మరి. "ఎనిమిది," అన్నాడు.

ప్రసాద్ మూడు డబ్బాలు విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇందులో పెద్ద చక్రానికి ఇరవై ఎనిమిది పళ్లు. చదును రోడ్డుకు బాగుంటాది. ఇందులో ముప్పై రెండు. పళ్లు ఎక్కువైతే ఎత్తు ఎక్కేది సులువు. రెండూ ఉక్కువే, తొమ్మిది వందలు. ఈ మూడోది తేలిక రకం, రెండు వేల ఆరొందలు."

"తేలికంటే ఎంత తేలిక?"

"అరవై గ్రాములు సార్."

"పొద్దున రెండు ఇడ్లీలు మానుకుంటే సరిపోయె," అంది రాఘవమ్మ గోడతో.

మాలకొండయ్య కళ్లు చిట్లించాడు. "ఎవురబ్బయ్యా ఆమె? వచ్చిన గిరాకీని తరమడానికి పెట్టుకున్నావా?"

"మా అమ్మ సార్. కొట్టుకు పెట్టుబడి ఆమెదే. ఏమన్నా అనొచ్చు."

మాలకొండయ్య మళ్లీ చీటీ చూసుకున్నాడు. "ఆదివారాలు మీ బ్యాచీ అంతా దూరం పోతారంటనే. తొక్కడం అయిపోయినాక ఏం తాగుతారు?"

"మజ్జిగ సార్."

"అంతేనా?"

"ఎండ ఎక్కువుంటే రెండు గ్లాసులు."

గేరు పళ్లకూ మజ్జిగకూ సంబంధం ఏమిటని ప్రసాద్ అడగలేదు. పెద్ద సైక్లిస్టులకు పెద్ద పెద్ద అనుమానాలుంటాయి.

హోటల్ నుంచి టీ రెండు గ్లాసులే వచ్చింది. ఒకటి పెద్దాయనకూ ఒకటి తల్లికీ ఇచ్చి, తనకు టీ పడదన్నాడు ప్రసాద్. పొద్దుటి నుంచి నాలుగు తాగిన మనిషి.

"బిల్లు అయిదు వేలకు రాయి," అన్నాడు మాలకొండయ్య గొంతు తగ్గించి. "డబ్బులు మా తమ్ముడు ఇస్తాడు, వాడికేం తెలవదు."

"అదొక్కటి కుదరదు సార్. కావాలంటే ఒక వంద తగ్గిస్తా. రాసేది మాత్రం తీసుకున్నంతే."

"సరే, కానీ. ఆ తేలికదే కట్టు."

అయిదు వందల నోట్లు అయిదు బల్ల మీద పడ్డాయి. రాఘవమ్మ కుర్చీలోంచి లేచింది. ఎనిమిది నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. కొడుకు గేరు పళ్లు కూడా అమ్ముడుపోతాయని ఆమెకు ఆ క్షణంలో నమ్మకం కుదిరింది.

ప్రసాద్ నోట్లు ముట్టుకోలేదు. "ఒక్క మాట సార్. అసలు మీ సైకిల్‌కు వచ్చిన ఇబ్బందేంది?"

చీటీ మళ్లీ బయటికి వచ్చింది. "గేరు మారిస్తే చైను టకటకమంటాది. ఒక్కోసారి జారతాది."

"గేరు మార్చేటప్పుడేనా? ఎత్తులో గట్టిగా తొక్కేటప్పుడు జారదా?"

చీటీలో అంత దూరం రాసి లేదు. "మార్చేటప్పుడే," అన్నాడు ధైర్యం చేసి.

"అయితే క్యాసెట్ అరగలా సార్. కేబుల్ వదులైండాది. వెనక గేరు దగ్గర కేబుల్ దూరేచోట చిన్న మర ఉండాది. దాన్ని సగం చుట్టు తిప్పి చూడండి. రూపాయి ఖర్చు లేదు."

"డబ్బులిస్తా ఉంటే వద్దంటావేందబ్బయ్యా!"

"కొండెక్కేది మీరు గదా సార్. అక్కర్లేనిది అంటగడితే ఎక్కినన్నాళ్లూ నన్ను తిట్టుకుంటారు."

రాఘవమ్మ మళ్లీ కూర్చుంది. కూర్చోవడం అంటే కూలబడటమే.

"సోమవారం దాకా ఎందుకురా, రేపే పో వింజమూరుకి," అంది. "ఆడికొచ్చిన రైతులకి గూడా చెప్పు. 'మందెందుకన్నా, పురుగుల్ని చేత్తో ఏరుకోండి, రూపాయి ఖర్చు లేదు' అని చెప్పు. మీ మామ నీకు దండేస్తాడు."

"వేస్తాడులే మా. టీ చల్లారతా ఉండాది, తాగు," అన్నాడు ప్రసాద్.

మాలకొండయ్య నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంటన్నర కూర్చుని, మూడు డబ్బాలు విప్పించి, ఉత్త చేతులతో లేచాడు. అలాంటి మహానుభావుణ్ణి ప్రసాద్ బస్టాండు దాకా వెంట వెళ్లి, కిటికీ పక్క సీటు చూసి మరీ కూర్చోబెట్టి వచ్చాడు. వచ్చి డబ్బాలు అరలో సర్దాడు. పద్నాలుగూ ఉన్నాయి.

బస్సు ఊరు దాటగానే మాలకొండయ్య భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమే, పుట్టి బుద్ధెరిగినాక సైకిలెక్కనోణ్ణి గంటన్నర బేరం చేసినాను గానీ, పిల్లోడు మేలిమి బంగారం, మన సుస్మిత ఊ అనిందంటే సంబంధం ఖాయం, ఆ కొట్టు మాత్రం మూయొద్దని వియ్యపురాలికి నేనే చెప్తా!"