భాస్కరం శాలువా

అచ్చమ్మను ఆసుపత్రివాళ్ల మనస్సాక్షి చంపింది. ఈ విషయంలో ఆమె మొగుడు వీరాస్వామికి ఏ అనుమానమూ లేదు. రక్తం సంచీ ఫ్రిజ్‌లోనే ఉంది. డ్యూటీలో ఉన్న భాస్కరం మెడలో పచ్చబిళ్ల ఉంది. ఆ బిళ్ల ఉన్నవాడు ఏ పని చేయనన్నా చట్టప్రకారం ఎవరూ ఏమీ అనకూడదు. ఈ రోజుల్లో బిళ్ల లేని మెడ కోసం ఆసుపత్రంతా వెతుక్కోవాలి. ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడానికి తన మనసు ఒప్పుకోదని భాస్కరం మర్యాదగా చెప్పాడు. ఎనిమిదింటికి ఇంకొకరు వస్తారన్నాడు. అచ్చమ్మ ఆరున్నరకే పోయింది.

ఏడాది తిరిగింది. వీరాస్వామి గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆసుపత్రి గుమాస్తా నాగరత్నం వచ్చింది. ఆ ఊరి పిల్లే.

"శుక్రవారం భాస్కరంగారికి సన్మానం మామా. మనస్సాక్షికి కట్టుబడ్డందుకు. పోయినోళ్ల తాలూకువాళ్లే శాలువా కప్పాలంట, రూలు."

"ఏం, ఆయనగారికి చలేస్తందా?"

"అట్టా అనకు మామా."

"నా మనస్సాక్షి ఒప్పుకోదని రాసుకో."

నాగరత్నం చేతిలోని ఫోను తెర చూసుకుంది. "ఆ గడి ఉద్యోగులకే. రోగి తరఫోళ్లకి లేదు. నువ్వు రాకపోతే నీ వైద్యం కార్డు కొట్టేస్తారు. షుగరు మందెట్టా మరి?"

వీరాస్వామి లోపలికి వెళ్లి కార్డు తెచ్చాడు. ఏరిన రాళ్లతో కలిపి ఆమె దోసిట్లో పోశాడు.

"ఇవి కప్పండి. ఈ మాట ఇంకెప్పుడూ నా గడపలో ఎత్తమాక."

ఆ తర్వాత అతనూ ఎత్తలేదు. కాలి పుండు ఎందుకు మానడం లేదని అడిగినవాళ్లకు కూడా చెప్పలేదు.