బూడిద బస్తా

“మిక్సర్ ఆపండి!”

అల్వాల్‌లో బాబూరావు ఇంటి ముందు కాంక్రీటు మిక్సరు గుర్రుమని ఆగింది. పై అంతస్తు శ్లాబు పని సగంలో ఉంది. ఆయన మాత్రం ఒక ఖాళీ సిమెంటు బస్తాను జెనిఫర్ ముఖం ముందు ఆడిస్తున్నాడు.

“ఇదేంటమ్మాయ్? దీని మీద ఫ్లై యాష్ అని రాసుంది! నా కళ్లుగప్పి బూడిద కలిపేస్తున్నావా?”

ఇంజనీరుగా జెనిఫర్‌కిది మొదటి సైటు. కరెంటు కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద, సన్నటి ప్లాస్టిక్ దారాలు కలిపితే కాంక్రీటు గట్టిపడుతుందనీ, బీటలు రావనీ నెల కిందటే ఈయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వింటేగా! ససేమిరా అని, బూడిద లేని సిమెంటు తనే కొనుక్కొచ్చి, ఒక్కో బస్తా తిప్పి చూసి మరీ దింపించుకున్నాడు.

“నేను కలపలేదు అంకుల్. ఆ బస్తా ఎక్కడిదో నాకు తెలీదు.”

“ఇసుక కుప్ప మీద కప్పేసి ఉందిగా! నేను చూడకపోతే నా కొంప కూలిపోయేది!”

మేస్త్రీ నోవహు కాంక్రీటు మోసే గమేళా కింద పెట్టాడు. “సార్, కలిపిన మాల్ గట్టిపడ్తది. జెర జల్ది తేల్చుండ్రి.”

“తేలుస్తా. మీ కంపెనీ ఓనరుకి ఫోన్ చేస్తున్నా. రేపట్నుంచి ఈ పిల్ల ఏ సైటులోనూ కనపడకూడదు!”

జెనిఫర్‌కు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. “బూడిద కలిస్తే ఇల్లు కూలదు అంకుల్. ఇంకా గట్టిగా ఉంటుంది!”

“నాకు పాఠాలా? ఈ కింది ఇల్లు నేను దగ్గరుండి కట్టించా. పన్నెండేళ్లయింది. ఎక్కడైనా వెంట్రుకవాసి బీట చూపించు! అదీ అసలు సిసలు సిమెంటంటే!”

బాబూరావు గోడను ఠపీమని చరిచి, ఫోను చెవికి ఆనించాడు. అటువైపు నుంచి ‘హలో’ కూడా వినపడింది.

అంతలో ఆయన భార్య శేషారత్నం పెరట్లోంచి రొప్పుతూ వచ్చి, ఆయన చేతిలోని బస్తాను లాక్కుంది.

“ఇక్కడుందా! పొద్దుట్నుంచి ఇల్లంతా వెతుకుతున్నా. వానొస్తే నీళ్ల మోటారు మీద ఏం కప్పమంటారు? ఈ ఇల్లు కట్టినప్పటి ఖాళీ బస్తాల్లో చిరగకుండా మిగిలింది ఇదొక్కటేనండీ!”